జారుడు గుడ్ల పెట్టె: కొత్త పెట్టలున్న గూట్లో మొదట్లోనే జారనివ్వకండి

ఇది కోళ్లు గుడ్లు పెట్టడానికి గూట్లో బిగించే రెండు గదుల రేకు పెట్టె. ఒక్కో గది 30 సెం.మీ. వెడల్పు, 35 లోతు, 35 ఎత్తు. అడుగున బుడిపెల ప్లాస్టిక్ చాప ఉంటుంది. అది ముందు నుంచి వెనక్కి 5 సెం.మీ. మేర వాలుతుంది. పెట్ట లేవగానే గుడ్డు వెనక సందులోంచి దొర్లి, మూత ఉన్న అరలోకి చేరుతుంది. రెట్ట అంటదు, ముక్కుతో పొడిచి తినే కోడికి అందదు. ఈ పని చక్కగానే చేస్తుంది. చిక్కేమిటంటే, గుడ్డు ఎక్కడ పెట్టాలో ముందే తెలిసిన కోళ్ల కోసం చేసిన వస్తువిది. కొత్తగా తెచ్చిన పెట్టలున్న గూట్లో దీన్ని ఉన్నదున్నట్టు బిగిస్తే, అవి లోపలికి తొంగి చూసి, వెనక్కి తిరిగి, ఏ మూలో పొట్టు మీద గుడ్డు పెట్టేస్తాయి.

తప్పు కోళ్లది కాదు. చోటు వెతుక్కునే పెట్టకు కాస్త చీకటి కావాలి, కాళ్లతో గోకి గుంట చేసుకునే మెత్తదనం కావాలి, అక్కడ అప్పటికే ఒక గుడ్డు కనిపిస్తే మరీ మంచిది. ఈ పెట్టెలో చీకటి ఉంది, మిగతా రెండూ లేవు. గోకితే చాప కదలదు. ఉత్తుత్తి గుడ్డు పెడితే అదీ దొర్లి అరలోకి పోతుంది. అందుకే అలవాటయ్యేదాకా వాలును మూసిపెట్టాలి.

వెనక సందుకు లోపలి నుంచి చెక్క పట్టీ అడ్డం కట్టండి. చాప మీద ఎండుగడ్డి గానీ చెక్క పొట్టు గానీ వెనకవైపు మందంగా, ముందువైపు పలచగా పరచండి. పైభాగం సమంగా ఉండాలి, పలచగా ఉన్నచోట కూడా 5 సెం.మీ.కు తగ్గకూడదు. గదికొకటి చొప్పున చెక్క గుడ్డో, పింగాణీ గుడ్డో, అవేవీ లేకపోతే గోల్ఫ్ బంతో పెట్టండి. గుడ్లు చాలామటుకు లోపలే పడుతున్నాయని వారం పాటు చూశాక, మూడు నాలుగు రోజులకోసారి గడ్డిని సగం సగం తగ్గిస్తూ రండి. చాప బయటపడి, దాని మీద కూడా పెట్టలు నిదానంగా కూర్చుంటున్నాయంటే అప్పుడు పట్టీ తీసేయండి. తొందరపడి ఒక్కరోజులో గడ్డంతా ఊడ్చేస్తే మళ్లీ మూలకే పోతాయి. అప్పుడు మొదటికొచ్చినట్టే.

గుమ్మానికి వేలాడే రబ్బరు తెరల మీద తయారీదారు ఎక్కువే ఆశ పెట్టుకున్నట్టున్నాడు. గది మొత్తం కప్పేస్తే కొత్త పెట్ట తల దూర్చదు. మొదట తెరలు పైకి చుట్టేయండి. లోపలికి వెళ్లడం అలవాటయ్యాక దించండి, అప్పుడు కూడా తెరల్లో మధ్యనున్న రబ్బరు పట్టీని సగానికి కత్తిరించండి.

ఈ పెట్టెలో అన్నిటికంటే బాగా కుదిరింది ముందున్న మడత కర్ర. పగలు అది ఎక్కడానికి మెట్టు, సాయంత్రం పైకి మడిస్తే గుమ్మం మూసుకుంటుంది. కొత్త కోళ్లు రాత్రి పెట్టెల్లోనే పడుకోవడానికి చూస్తాయి, తెల్లారేసరికి చాప నిండా రెట్టే. చీకటి పడకముందే మూసి, పొద్దు పొడవకముందే తెరిస్తే ఆ అలవాటు పట్టదు. గుడ్లు ఎక్కువగా ఉదయం పూటే పడతాయి కాబట్టి తెరవడం ఆలస్యం చేయకూడదు. మూసినంత మాత్రాన సరిపోదు, పడుకునే కర్ర పెట్టె కంటే ఎత్తులో ఉండాలి. కోళ్లు గూట్లో ఎత్తైన చోటునే ఎంచుకుంటాయి. పెట్టె గుమ్మం నేలకు 45 నుంచి 60 సెం.మీ. ఎత్తులో ఉంటే, కర్ర దానికి మరో 30 సెం.మీ. పైన ఉండాలి. ఆ కర్ర మీద ఒక్కో కోడికి 20–25 సెం.మీ. చోటు వదలాలి.

లోపాల్లో మొదటిది పైకప్పు. అది చదునుగా ఉంది, కోళ్లు ఎక్కి కూర్చుని పాడు చేస్తాయి. 45 డిగ్రీలకు తగ్గకుండా ఏటవాలుగా ఒక పలక బిగించాల్సిందే. రెండోది, అరలో మెత్త లేదు. రెండు మూడు గుడ్లు చేరితే ఒకదానికొకటి తగిలి చిట్లుతాయి. అడుగున పలచని రబ్బరు చాప వేసి, రోజుకు రెండుసార్లు ఏరుకోవాలి. కొత్తగా గుడ్లు మొదలెట్టిన పెట్టల పెంకు ఒక్కోసారి తోలులా మెత్తగా ఉంటుంది, అది సందులో ఇరుక్కుని పగులుతుంది. గుడ్లకొచ్చాక, పెంకు గట్టిపడేందుకు ఆల్చిప్ప గుల్ల ముక్కలు విడిగా ఒక గిన్నెలో పెట్టండి. మూడోది రేకు వేడి. ఎండ తగిలే గోడకు బిగిస్తే మధ్యాహ్నానికి లోపల ఏ కోడీ నిలవదు. బిగించేటప్పుడు అడ్డంగా మట్టం చూడకపోతే గుడ్లన్నీ ఒకే మూలకు దొర్లుతాయి.

రేకు వల్ల లాభమూ ఉంది. రాత్రిపూట రక్తం పీల్చి పగలు సందుల్లో దాక్కునే ఎర్ర నల్లికి చెక్క పెట్టెలో దొరికినంత చోటు ఇందులో దొరకదు. చాప ఊడదీసి కడగొచ్చు. అయినా మడతల దగ్గర, చాప అడుగున వారానికోసారి చూడాలి.

నాలుగైదు పెట్టలకు ఒక గది లెక్క, అంటే ఇది ఎనిమిది పదింటికి సరిపోతుంది. పాతవాటిలో కొత్తవి కలుపుతుంటే ఆ లెక్క తప్పుతుంది. పెత్తనం చేసే పెట్ట గుమ్మం దగ్గరే కాపు కాస్తుంది, బెదిరినవి నేల మీద పెడతాయి. మొదట కొత్తవాటిని నాలుగు వారాలు దూరంగా ఉంచి జబ్బులేమైనా బయటపడతాయేమో చూడాలి. తర్వాత ఒకటి రెండు వారాలు మధ్యలో జాలీ అడ్డం పెట్టి ఒకదాన్నొకటి చూడనివ్వాలి. కలిపేటప్పుడు ఒంటరిగా ఒక్కదాన్ని వదలకూడదు. మేత, నీళ్లు రెండేసి చోట్ల పెట్టాలి. గూడు తమదని తెలిసేదాకా ఐదు నుంచి ఏడు రోజులు బయటికి వదలకుండా ఉంచి, ఆ తర్వాత కొన్నాళ్లు ఉదయం 10 దాటాక వదిలితే పొదల్లో గుడ్లు దాచే బెడద తగ్గుతుంది.

పెట్టె బిగించాక కూడా గుడ్లు లేవని దాన్ని తిట్టుకోకండి. చోటు మారిన పెట్ట కొన్ని వారాలు గుడ్లు ఆపేయడం మామూలే. గుడ్లకు రాని పెట్టలైతే దాదాపు 18–22 వారాల వయసు దాకా ఆగాలి, నాటు జాతులకు ఇంకా ఎక్కువే పట్టొచ్చు. తురాయి ఎర్రబడి, వీపు మీద చేయి వేయగానే ఒదిగి కూర్చుంటే సమయం దగ్గరపడినట్టు. పెట్టె అంతకు రెండు వారాల ముందే సిద్ధంగా ఉండాలి.

పెట్టలను పొదగేసి పిల్లలు తీయాలనుకునేవారు మాత్రం దీన్ని కొనకండి. గుడ్డు పెట్టగానే కింద నుంచి జారిపోతుంటే పెట్ట పొదుగుకు కూర్చోవడం కష్టం. వాళ్లకు గడ్డి నింపిన మామూలు చెక్క పెట్టే మేలు.