స్విట్జర్లాండ్‌లో రైలు, బస్సు, పడవ: ఒక అమలాపురం వాడి రివ్యూ

స్విస్ రైళ్ల గురించి మనవాళ్లు ఎప్పుడూ మంచు కొండల ఫొటోలే పెడతారు. కొండలు బాగున్నాయి, కాదనను. కానీ అమ్మానాన్నలతో వెళ్లొచ్చిన నాకు అన్నిటికన్నా నచ్చింది ఏంటంటే, రైలు దిగి బయటికొచ్చేసరికి బస్సు నిలబడి ఉండటం. బస్సులో సఖినేటిపల్లి వెళ్లి, రేవులో పంటు కోసం ఎదురుచూసి, గోదావరి దాటి, నర్సాపురంలో రైలు అందుతుందో లేదో అని టెన్షన్ పడేవాళ్లకి దీని విలువ నేను చెప్పక్కర్లేదు.

అక్కడ 1982 నుంచి దేశమంతా ఒకే పద్ధతి టైంటేబుల్. పది గంటలా రెండు నిమిషాలకి మీ రైలుంటే పదకొండూ రెండుకీ, పన్నెండూ రెండుకీ కూడా ఉంటుంది, పెద్ద రూట్లలో అయితే అరగంటకొకటి. జ్యూరిక్, బెర్న్ లాంటి జంక్షన్లకి నలువైపుల రైళ్లూ గడియారం గంట కొట్టే ముందే వచ్చేసి, గంట దాటాక బయల్దేరతాయి, ఈలోగా మనం ప్లాట్‌ఫాం మారిపోవచ్చు. ఈ లెక్క కుదరాలనే ఆ రెండు ఊళ్ల మధ్య ప్రయాణం గంటలోపు అయ్యేలా 2004లో కొంత దూరం కొత్త లైను వేశారు. కనెక్షన్ అందడానికి ఎంత వేగం కావాలో అంతే చూసుకున్నారు, నాకు ఆ ఆలోచన చాలా గొప్పగా అనిపించింది.

మేం స్విస్ ట్రావెల్ పాస్ తీసుకున్నాం. రైళ్లు, పసుపు రంగు పోస్ట్ బస్సులు, ట్రాములు, సరస్సుల్లో పడవలు దాదాపు అన్నీ దాంతోనే. మామూలు రైళ్లకి రిజర్వేషన్ అక్కర్లేదు, ఖాళీ సీటు చూసుకుని కూర్చోవడమే. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ అనే టూరిస్టు రైలుకి మాత్రం పాస్ ఉన్నా సీటు డబ్బులు విడిగా కట్టాలి. 3,454 మీటర్ల ఎత్తున యుంగ్‌ఫ్రౌయోక్ స్టేషన్ ఉంది, 1912లోనే అక్కడిదాకా రైలు నడిపారు, దానికి ఈ పాస్‌తో పైదాకా ఉచితం కాదు, రాయితీ మాత్రమే. బడ్జెట్ వేసుకునేటప్పుడు ఇది మర్చిపోకండి.

ఇంటర్లాకెన్ ఓస్ట్ స్టేషన్ పక్కనే పడవల రేవు. రైలు దిగి, నాలుగడుగులు వేసి, అదే పాస్‌తో బ్రీంజ్ అనే ఊరికెళ్లే పడవ ఎక్కాం. "మన రేవులో కూడా రైలు టైముకి పంటు వేస్తే ఎంత బాగుండునురా" అంది అమ్మ. కోటిపల్లి-నర్సాపురం లైను పూర్తయ్యి అమలాపురానికి రైలొచ్చిన రోజున రాజోలు, ముమ్మిడివరం బస్సులు ఆ రైలు టైముకే స్టేషన్ దగ్గరుండాలి, దానికి ప్లాను ఇప్పుడే వేయాలని నా గట్టి కోరిక.

ఇంటర్లాకెన్ నుంచి కొండల్లోకెళ్లే రైలు మధ్యలో రెండుగా విడిపోయి సగం లౌటర్‌బ్రున్నెన్‌కి, సగం గ్రిండెల్‌వాల్డ్‌కి వెళ్తుంది. పెట్టె మీద ఊరి పేరు చూసి పెద్దవాళ్లని ఎక్కించండి.

ఖర్చు మాత్రం బాగా ఎక్కువ. పాస్ గానీ హాఫ్ ఫేర్ కార్డు గానీ లేకుండా అప్పటికప్పుడు టికెట్ కొంటే గుండె గుభేలుమంటుంది. పెద్ద స్టేషన్లలో టాయిలెట్‌కీ డబ్బులే, రైల్లోనే వెళ్లొచ్చేయండి. తిండికి కోప్, మిగ్రోస్ షాపుల్లో పెరుగు, పండ్లు కొనుక్కుని రైల్లో తిన్నాం, ఎవరూ ఏమీ అనరు. స్విస్ రైల్వే వాళ్ల ఎస్‌బీబీ యాప్ తప్పకుండా వేసుకోండి, ప్లాట్‌ఫాం నంబరుతో పాటు ఏ తరగతి పెట్టె ఎక్కడ ఆగుతుందో కూడా చూపిస్తుంది, సామాన్లతో పరిగెత్తే పనుండదు.