అప్పటికప్పుడు మార్కులా, వారం తర్వాత జాబితానా?

ఫిల్మ్ ఫెస్టివల్‌లో నాకు బాగా నచ్చినవి ఎంచుకోవడానికి రెండు పద్ధతులూ వాడి చూశాను.

మొదటిది, హాల్లోంచి బయటికి రాగానే మార్కులు వేసుకోవడం. ప్రేక్షకుల స్పందనకు విలువ లేకపోలేదు. కెనడాలోని టొరంటో ఫిల్మ్ ఫెస్టివల్‌లో 1978 నుంచి ఇస్తున్న పీపుల్స్ చాయిస్ అవార్డును తేల్చేది వాళ్ల ఓట్లే. కానీ సినిమా అయ్యాక దర్శకుడు వేదికెక్కి మాట్లాడితే చాలు, మనసు కరిగి ఒక మార్కు ఎక్కువ పడిపోతుంది. అదే రోజులో నాలుగో సినిమా అయితే అలసట వల్ల తగ్గిపోతుంది. నెమ్మదిగా సాగే మంచి సినిమాలకు ఇక్కడే అన్యాయం జరుగుతుంది.

రెండోది, వారం ఆగి, కేటలాగ్ తెరవకుండా గుర్తున్నవి రాసుకోవడం. కథ మర్చిపోయినా ఒక ముఖం, ఒక గది, చివరి షాట్‌లోని నిశ్శబ్దం మనతోనే ఉండిపోతాయి. పొద్దున్నే సగం ఖాళీ హాల్లో చూసి, పదికి ఆరే వేసిన ఒక కొత్త దర్శకురాలి సినిమా ఇలాగే నా జాబితాలో మొదటి స్థానానికి వచ్చింది. ఆ రోజు దాన్ని ఎంత తక్కువగా చూశానో అని ఇప్పటికీ బాధేస్తుంది.

నా ఓటు రెండోదానికే. హాస్య చిత్రాలు మాత్రం జ్ఞాపకంలో త్వరగా పలచబడతాయి, అందుకే వాటికి అదే రాత్రి మార్కులు వేసేస్తాను.