కౌబాయ్స్ ఆటకు టికెట్: సీజన్ టికెట్టా, విడి టికెట్టా, రీసేలా? ఏది మేలు?

అమెరికన్ ఫుట్‌బాల్ టికెట్ల గురించి మనవాళ్ళ మధ్య మాట వచ్చినప్పుడు చర్చ "ఎంత?" అన్న ప్రశ్నతో మొదలై అక్కడే ఆగిపోతుంది. నిజానికి ధర కంటే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి: ఎవరి దగ్గర కొంటున్నాం, ఎప్పుడు కొంటున్నాం. ఈ రెండూ తేలితే ధర చాలావరకు దానంతట అదే తేలుతుంది. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ పట్టణాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు డాలస్ కౌబాయ్స్ ఇంటి పక్క జట్టు. 2016 నుంచి ఆ జట్టు ప్రధాన కార్యాలయమూ సాధన మైదానమూ ఫ్రిస్కోలోనే ఉన్నాయి. ఆటలు మాత్రం ఆర్లింగ్టన్‌లోని ఏటీ అండ్ టీ స్టేడియంలో జరుగుతాయి కాబట్టి, ఆ స్టేడియాన్నే ఉదాహరణగా తీసుకొని టికెట్ కొనే మార్గాలను పోల్చి చూద్దాం. ఏడాదికి ఒకటో రెండో ఆటలు చూసే కుటుంబానికి రీసేలే, అంటే ముందే టికెట్ కొన్నవారు తిరిగి అమ్మేది కొనడమే మేలని నా నిశ్చితాభిప్రాయం. అయితే రీసేల్ ఎవరికి పనికిరాదో కూడా చెప్పకపోతే ఆ సలహా సగమే అవుతుంది.

ముందుగా సీజన్ టికెట్ సంగతి. 2021 నుంచి అమెరికన్ ఫుట్‌బాల్ ప్రధాన లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో ప్రతి జట్టూ సీజన్‌లో 17 ఆటలు ఆడుతోంది. అందులో సొంత స్టేడియంలో జరిగేవి ఒక ఏడాది ఎనిమిది, మరుసటి ఏడాది తొమ్మిది. వీటికి ఆగస్టులో జరిగే ప్రీసీజన్ ఆటలు ఒకటి లేదా రెండు కలుస్తాయి కాబట్టి, సీజన్ టికెట్ అంటే సాధారణంగా పది ఆటల మూట. ప్రధాన ఆటగాళ్ళు పెద్దగా మైదానంలోకి దిగని ఆ ప్రీసీజన్ ఆటలకు కూడా మనమే డబ్బు కడతాం. అంతకంటే పెద్ద భారం సీటు లైసెన్సు. కౌబాయ్స్ స్టేడియంలోనూ, మరెన్నో కొత్త స్టేడియాల్లోనూ మంచి సీట్లకు ముందుగా ఒక పెద్ద మొత్తం కట్టి, ఆ సీటుకు ఏటా టికెట్లు కొనుక్కునే హక్కును సంపాదించుకోవాలి. ఆ మొత్తంలో టికెట్ల ధర చేరి ఉండదు, అది ప్రతి ఏడాదీ వేరుగా కట్టవలసినదే. ఒక ఏడాది టికెట్లు కొనడం మానేస్తే లైసెన్సు కూడా చేజారే ప్రమాదం ఉంది.

"మేం చూసేవి నాలుగు ఆటలు, మిగిలిన ఆరూ అమ్మేస్తే మన ఖర్చు మనకు వచ్చేస్తుంది" అన్న లెక్క తరచుగా వినిపిస్తుంది. జట్టు గెలుస్తున్నంత కాలం ఆ లెక్క నిలుస్తుంది. నవంబరు నాటికి జట్టు ప్లేఆఫ్ (సీజన్ ముగిశాక జరిగే నాకౌట్ పోటీలు) ఆశలు వదులుకుంటే డిసెంబరు టికెట్లను అసలు ధరకు కొనేవారు దొరకరు, ఆ నష్టం సీజన్ టికెట్ ఉన్నవారి నెత్తినే పడుతుంది. ఏటా ఆరేడు ఆటలకైనా తప్పకుండా వెళ్ళే అభిమానులకు, అవే సీట్లలో అదే ఇరుగుపొరుగుతో కూర్చోవడంలో ఆనందం పొందేవారికి సీజన్ టికెట్ సరైనదే. తక్కినవారికి కాదు. విస్కాన్సిన్‌లోని గ్రీన్ బే ప్యాకర్స్ సంగతి వేరు. అక్కడ 1960 నుంచి సీజన్ టికెట్లన్నీ అమ్ముడైపోతున్నాయి, నిరీక్షణ జాబితాలో లక్షకు పైగా పేర్లున్నాయి. పిల్లల పేర్లు కూడా చిన్నప్పుడే ఆ జాబితాలో రాయిస్తారు. అటువంటి చోట బయటివారికి రీసేల్ తప్ప ఆచరణలో మరో దారి లేదనే చెప్పాలి.

రెండో మార్గం జట్టు నేరుగా అమ్మే విడి టికెట్లు. మే నెలలో ఆటల షెడ్యూలు వెలువడిన వెంటనే ఇవి అమ్మకానికి వస్తాయి. సీజన్ టికెట్లకు పోగా మిగిలిన సీట్లే ఇవి కనుక ఎక్కువ భాగం పైఅంతస్తులోనో, మూలల్లోనో ఉంటాయి. ధర కూడా అన్ని ఆటలకూ ఒకటి కాదు, ఎదుటి జట్టును బట్టీ గిరాకీని బట్టీ మారుతుంది. ఈ మార్గంలో నిజమైన లాభం ఒక్కటే, కానీ అది చిన్నది కాదు: ఆరుగురో ఎనిమిది మందో కలిసి వెళ్ళే రెండు కుటుంబాలకు పక్కపక్క సీట్లు ఇక్కడ దొరికినంత సులువుగా మరెక్కడా దొరకవు. రీసేల్‌లో జంట సీట్లు ఎక్కువ, నాలుగు సీట్లు ఒక మోస్తరు, ఆరు కావాలంటే గగనం. నాలుగు సీట్లున్నవారు మూడు అమ్మి ఒంటి సీటు మిగుల్చుకోవడానికి ఇష్టపడరు కాబట్టి, ముగ్గురున్న కుటుంబానికి కూడా కాస్త ఇబ్బందే. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కౌబాయ్స్ టికెట్ భాగస్వామి అయిన సీట్‌గీక్‌లో జట్టు అమ్మే టికెట్లూ, ఇతరులు తిరిగి అమ్మే టికెట్లూ ఒకే తెరపై పక్కపక్కనే కనిపిస్తాయి. రీసేల్ అన్న గుర్తు ఉన్నదో లేదో చూసుకోకుండా, జట్టు నుంచే కొంటున్నామనుకొని అధిక ధర కట్టేవారు ఉన్నారు.

ఇక రీసేల్. ఇందులో ధర ఎందుకు తగ్గుతుందో అర్థమైతే ఎప్పుడు కొనాలో కూడా అర్థమవుతుంది. కిక్‌ఆఫ్, అంటే ఆట మొదలయ్యే సమయం దాటిన టికెట్‌కు విలువ లేదు. సాయంత్రం సంతలో మిగిలిన ఆకుకూర లాంటిది అది. ఇంట్లో పెళ్ళి వచ్చి, ఒంట్లో బాగోక, ఊరు వెళ్ళవలసి వచ్చి ఆటకు రాలేని సీజన్ టికెట్ యజమానులు ఆట దగ్గరపడే కొద్దీ ధర దించుతారు. ఆదివారం మధ్యాహ్నం 12 గంటలకు, అంతగా పేరులేని జట్టుతో, కౌబాయ్స్ తడబడుతున్న సీజన్‌లో జరిగే ఆటకు చివరి రెండు రోజుల్లో కొనడం వల్ల తరచుగా మేలే జరుగుతుంది. కానీ ఫిలడెల్ఫియా ఈగల్స్ వంటి చిరకాల ప్రత్యర్థి వచ్చినప్పుడూ, థాంక్స్‌గివింగ్ రోజునా ఈ సూత్రం పనిచేస్తుందని నమ్ముకోకూడదు. 1966లో మొదలై, మధ్యలో రెండేళ్ళు తప్ప, ప్రతి థాంక్స్‌గివింగ్‌కూ డాలస్‌లో ఆట జరుగుతోంది. ఆ రోజు కోసం దేశం నలుమూలల నుంచి వచ్చేవారు నెలల ముందే విమానం, హోటలు ఖాయం చేసుకుంటారు కాబట్టి ధర చివరి దాకా దిగిరాకపోవచ్చు, కొన్నిసార్లు పెరగనూవచ్చు.

రుసుముల విషయంలో రీసేల్‌కు చెడ్డపేరు రావడం అకారణం కాదు. కచేరీలు, ఆటల టికెట్లను పరిశీలించి అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం, తొలి అమ్మకంలో రుసుములు టికెట్ ధరలో సగటున 27 శాతం, రీసేల్‌లో 31 శాతం ఉన్నాయి. ఒకప్పుడు వంద డాలర్లని చూపించిన టికెట్ చివరి పేజీకి వచ్చేసరికి నూట ముప్పై అయ్యేది. 2025 మే 12 నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం అమల్లోకి వచ్చాక, ప్రభుత్వ పన్నులు మినహా తప్పనిసరి రుసుములన్నీ కలిపిన ధరనే మొదటి నుంచీ చూపించాలి. కొనేవారికి ఇది నిజంగా మేలు చేసిన మార్పు. ఇప్పుడు సీట్‌గీక్, స్టబ్‌హబ్, టికెట్‌మాస్టర్ మూడింటిలోనూ ఒకే సెక్షన్, దగ్గరి వరుసల ధరలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు తప్పకుండా వెచ్చించమని నా సలహా. వరుస సంఖ్య ఇవ్వకుండా సెక్షన్ మాత్రమే చూపే టికెట్లను మాత్రం పక్కన పెట్టండి, ఎందుకంటే చేతిలో లేని టికెట్‌ను ముందు అమ్మి తరువాత సంపాదిద్దామనుకునేవారు కూడా అలాగే చూపిస్తారు.

పెద్ద రీసేల్ సంస్థలు టికెట్ చెల్లకపోతే డబ్బు వాపసు ఇస్తామనో, అంతే విలువైన వేరే సీటు ఇస్తామనో హామీ ఇస్తాయి. మనసు మారితే మాత్రం వాపసు ఉండదు. ఆట సమయం మారినా వాపసును ఆశించకూడదు, అదే టికెట్ కొత్త సమయానికి చెల్లుతుంది. దూరం నుంచి వచ్చేవారు దీన్ని మరీ గుర్తుంచుకోవాలి. టీవీ ప్రసారం కోసం ఆదివారం మధ్యాహ్నం ఆటను రాత్రి 7:20కి మార్చే అధికారం లీగ్‌కు ఉంది. ఆ మార్పును సాధారణంగా 12 రోజుల ముందు ప్రకటిస్తారు, డిసెంబరు వారాల్లో ఆరు రోజుల ముందు ప్రకటించినా సరిపోతుంది. సీజన్‌లో చివరిదైన 18వ వారం ఆటలకైతే శనివారమో ఆదివారమో కూడా 17వ వారం ముగిసేదాకా తేలదు. ఆస్టిన్ నుంచో హ్యూస్టన్ నుంచో కారులో వచ్చి సోమవారం ఉదయం ఆఫీసుకు వెళ్ళవలసినవారికి రాత్రి ఆట పెద్ద భారం కనుక, అటువంటివారు అక్టోబరులోపు ఆటను ఎంచుకోవడమో, సమయం ఖాయమయ్యాక కొనడమో మంచిది.

ధర మీద పెట్టే శ్రద్ధలో సగమైనా సీటు మీద పెట్టరేమని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. కింది అంతస్తు అంటే గొప్ప అన్న భావన మనవాళ్ళలో బలంగా ఉంది. ఈ ఆటలో పదకొండు మంది ఎదురెదురుగా ఎలా బారు తీరారు, బంతి అందుకోవలసినవాడు ఎటు పరుగు తీశాడు అన్నదే అసలు రసం, అది ఎత్తు నుంచి చూస్తేనే తెలుస్తుంది. గోల్‌పోస్టు వెనుక కింది వరుసలో ఖరీదైన సీటు కొనడం కంటే, పైఅంతస్తులో మైదానం మధ్యనుండే 50 యార్డుల గీతకు దగ్గరగా, సైడ్‌లైన్ (మైదానం పొడవు అంచు) వైపు కొనడమే మేలని నా అభిప్రాయం. పైగా ఏటీ అండ్ టీ స్టేడియంలో మైదానం మీద వేలాడే తెర సుమారు 160 అడుగుల వెడల్పు, 72 అడుగుల ఎత్తు ఉంటుంది. కింద కూర్చున్నవారు మెడ ఎత్తి దాన్నే చూస్తూ గడుపుతారు, పైఅంతస్తులో ఉన్నవారికి అది దాదాపు కళ్ళకు ఎదురుగా ఉంటుంది.

మరో విషయం ఎండ. ఈ మైదానం తూర్పు పడమరలుగా ఉంది, రెండు చివర్లా ఎత్తైన గాజు తలుపులున్నాయి. శరదృతువులో మధ్యాహ్నం 3:25కు మొదలయ్యే ఆటల్లో పడమటి గాజు గుండా ఎండ నేరుగా లోపలికి పడుతుంది. 2024 నవంబరులో ఈగల్స్‌తో జరిగిన ఆటలో ఎండ కళ్ళలో పడి బంతి కనిపించక కౌబాయ్స్ ఆటగాడు సీడీ లాంబ్ ఎండ్‌జోన్‌లో (మైదానం చివర పాయింట్లు సాధించే భాగంలో) క్యాచ్‌ను అందుకోలేకపోయాడు. తూర్పు చివర కూర్చుంటే మన కళ్ళకూ అదే గతి. కాబట్టి సాయంత్రపు ఆటకు తూర్పు ఎండ్‌జోన్ సీటు చౌకగా కనిపించినా ఆలోచించి కొనాలి.

అన్నిటికంటే చౌకైనది నిలబడి చూసే పార్టీ పాస్. 2009 సెప్టెంబరు 20న ఈ స్టేడియంలో జరిగిన తొలి సీజన్ ఆటకు 1,05,121 మంది వచ్చారంటే, ఆ సంఖ్యలో నిలబడినవారు ఎందరో. తలుపులు తెరవగానే వెళ్ళి కటకటాల దగ్గర చోటు పట్టుకోగల కుర్రవాళ్ళకూ, విద్యార్థులకూ ఇంతకంటే మంచి బేరం లేదు. పసిపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న కుటుంబానికి మూడు గంటలకు పైగా నిలబడటం సాధ్యం కాదు. మోకాళ్ళ నొప్పులున్న తల్లిదండ్రులకు పైఅంతస్తు మెట్లు కూడా నిటారుగానే అనిపిస్తాయి. వారి కోసం ఆ అంతస్తులోనే కింది వరుసలను, నడవ పక్క సీట్లను చూడాలి.

తల్లిదండ్రుల మాట వచ్చింది కాబట్టి మరొకటి. వేసవిలో ఇండియా నుంచి వచ్చి సెప్టెంబరులో తిరిగి వెళ్ళిపోయే పెద్దలకు స్టేడియం చూపించడమే మన ఉద్దేశమైతే, ఆగస్టు ప్రీసీజన్ ఆట చాలు. ఆట నాణ్యత తక్కువే అయినా ధర కూడా ఎంతో తక్కువ, జనసందోహమూ సంగీతమూ ఆ తెరా అన్నీ ఉంటాయి. ఆట అసలే వద్దనుకుంటే, ఆటలు లేని రోజుల్లో జరిగే స్టేడియం టూరు మరీ హాయి.

తెలుగువారి వాట్సాప్ గుంపుల్లో వచ్చే టికెట్లను నేను నాలుగో మార్గంగా లెక్కిస్తాను. ఆఫీసులో పనిచేసే స్నేహితుడు తన సీజన్ టికెట్లను కొన్న ధరకే ఇస్తానంటే, రుసుములు లేని ఆ బేరాన్ని మించినది లేదు. ముఖపరిచయం లేనివారు "జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు డబ్బు పంపే సేవ) డబ్బు పంపండి, టికెట్ స్క్రీన్‌షాట్ పంపుతాను" అంటే మాత్రం అక్కడే ఆగిపోవాలి. ఈ టికెట్లు ఫోనులోనే ఉంటాయి, గేటు దగ్గర స్క్రీన్‌షాట్ చెల్లదు. టికెట్ యాప్ ద్వారా మన ఖాతాకు ట్రాన్స్‌ఫర్ అయి, మన ఫోనులో సెక్షను, వరుస, సీటు కనిపించినప్పుడే అది మనదైనట్టు. జెల్‌లో ఒకసారి పంపిన డబ్బును వెనక్కి రప్పించడం దాదాపు అసాధ్యం. అపరిచితుల దగ్గర ఇరవై డాలర్లు ఆదా చేసుకోవడం కంటే ఆ రుసుమేదో రీసేల్ సంస్థకే కట్టడం మేలు.

ఏ మార్గంలో కొన్నా ప్రయాణ ఖర్చును టికెట్ ధరలోనే కలిపి చూడాలి. ఆర్లింగ్టన్ స్టేడియానికి రైలు లేదు. పార్కింగ్‌ను విడిగా, ముందుగా కొనాలి, దాని ధర కొన్ని ఆటలకు చౌక టికెట్ ధరతో పోటీ పడుతుంది. హ్యూస్టన్, అట్లాంటా స్టేడియాలకు రైల్లో వెళ్ళవచ్చు కాబట్టి అక్కడి తెలుగువారికి ఈ లెక్క తేలికపడుతుంది. సంచి విషయంలో లీగ్ అంతటా ఒకటే నియమం: 12 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు మించని పారదర్శక సంచిని మాత్రమే అనుమతిస్తారు. చంటిపిల్లల సామాను కూడా అందులోనే సర్దుకోవాలి. అరచేతిలో ఇమిడే చిన్న పర్సు తప్ప మామూలు హ్యాండ్‌బ్యాగును లోపలికి రానివ్వరు.

కాబట్టి స్థానికంగా ఉండే నలుగురి కుటుంబానికి నేను చెప్పేది ఇది: అక్టోబరులో మధ్యాహ్నం 12 గంటల ఆటను ఎంచుకొని, వారం ముందు నుంచి ధరలు గమనిస్తూ, పైఅంతస్తు సైడ్‌లైన్ సీట్లను శుక్ర, శనివారాల్లో రీసేల్‌లో కొనండి. వెంటనే ఫోనుకు వచ్చే టికెట్లనే తీసుకోండి. విమానంలో వచ్చేవారూ, ఆరుగురికి మించి కలిసి కూర్చోవాలనుకునేవారూ, థాంక్స్‌గివింగ్ ఆటే చూడాలని పట్టుబట్టేవారూ మే నెలలో జట్టు అమ్మకం మొదలైన రోజే విడి టికెట్లు కొనేయడం మంచిది. వారికి చివరి నిమిషపు చౌక కంటే ఖాయమైన సీటే ముఖ్యం.