లాగ్_రెప్లికేషన్_కమాండ్స్: ఏళ్లుగా ఆన్‌లో ఉంచి వాడాక

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో లాగ్_రెప్లికేషన్_కమాండ్స్ అనే ఈ సెట్టింగ్ 9.5 వెర్షన్ నుంచి ఉంది. డిఫాల్ట్‌గా ఆఫ్. నేను చూసుకునే సర్వర్లన్నిటిలో మాత్రం ఎప్పటినుంచో ఆన్‌లోనే ఉంది. తీసేద్దామని ఒక్కసారీ అనిపించలేదు.

స్టాండ్‌బై (ప్రధాన సర్వర్‌కి కాపీగా నడిచే సర్వర్) గానీ బ్యాకప్ టూల్ గానీ రెప్లికేషన్ కనెక్షన్ (డేటా కాపీ చేసుకోవడానికి పెట్టుకునే కనెక్షన్) మీద పంపే ప్రతి కమాండ్‌నీ ఇది సర్వర్ లాగ్‌లో రాస్తుంది, అంతే. మామూలు ఎస్‌క్యూఎల్ స్టేట్‌మెంట్లని లాగ్‌లో రాసే లాగ్_స్టేట్‌మెంట్‌ని ‘ఆల్’ చేస్తే ఇవీ వచ్చేస్తాయనుకుంటారు కొందరు. రావు. 9.5కి ముందైతే లాగ్ లెవెల్‌ని డీబగ్1కి దించాల్సి వచ్చేది. అప్పుడు వచ్చిపడే చెత్తలో కావలసిన లైన్ వెతకడమే ఓ ఉద్యోగం.

ఒక చోట మధ్యాహ్నం పూట ప్రైమరీ (ప్రధాన సర్వర్) మీద డిస్క్ రీడ్స్, నెట్‌వర్క్ ఉన్నట్టుండి ఎగిరేవి. కాసేపటికి మళ్లీ మామూలే. మేం వెళ్లి పీజీ_స్టాట్_రెప్లికేషన్ చూసేసరికి మా స్టాండ్‌బై తప్ప ఎవరూ ఉండరు. ఆ వ్యూలో ఇప్పుడున్నవాళ్లే కనిపిస్తారు, వచ్చి వెళ్లినవాళ్లు కాదు. లాగ్ తెరిస్తే సరిగ్గా ఆ టైముకి ‘రిసీవ్డ్ రెప్లికేషన్ కమాండ్: బేస్_బ్యాకప్’ అన్న లైను, అంటే ఎవరో మొత్తం డేటాబేస్ కాపీ అడిగారన్నమాట. దాని వెనకే ఓ టెంపరరీ స్లాట్ (కాపీ చేసుకునేవాళ్లకి కావలసిన వాల్ ఫైళ్లు, అంటే మార్పుల చిట్టా, చెరిగిపోకుండా పట్టి ఉంచేది) సృష్టించిన లైను. ఐపీ పట్టుకుని వెళ్తే టెస్టింగ్ టీమ్ మెషీన్‌లో ఎవరో ఎప్పుడో పెట్టి మర్చిపోయిన క్రాన్ జాబ్ (టైము ప్రకారం దానంతటదే నడిచే పని)!

ఆ ఐపీ ఊరికే రాదు. ప్రతి లాగ్ లైను మొదట్లో ఏం రావాలో చెప్పే లాగ్_లైన్_ప్రిఫిక్స్ డిఫాల్ట్‌లో టైమూ ప్రాసెస్ ఐడీ తప్ప ఇంకేం ఉండవు. క్లయింట్ అడ్రస్, యూజర్, అప్లికేషన్ పేరు మనమే చేర్చుకోవాలి. అవి లేకపోతే ఈ సెట్టింగ్ సగం దండగ.

లాగ్ నిండిపోతుందన్న భయం అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న స్టాండ్‌బై కనెక్ట్ అయినప్పుడు ఐడెంటిఫై_సిస్టమ్, స్టార్ట్_రెప్లికేషన్ అని రాసి, ఆ కనెక్షన్ తెగేదాకా దాదాపు మౌనమే. స్లాట్ లేని స్టాండ్‌బై బాగా వెనకబడి, దానికి కావలసిన వాల్ ఫైలు ప్రైమరీలో చెరిగిపోతే మాత్రం గోల మొదలు. డిఫాల్ట్‌గా 5 సెకన్లకోసారి మళ్లీ వచ్చి అడుగుతుంటుంది, అడిగినప్పుడల్లా అవే లైన్లు. కొత్త వెర్షన్లలో కింద స్టేట్‌మెంట్ లైను కూడా అదే కమాండ్‌ని రిపీట్ చేస్తుంది, అదొక విసుగు. అయినా అప్పుడు గోల చేయడమే మంచిదంటాను.

నాకున్న అసలు ఫిర్యాదు వేరు. మొదలు తెలుస్తుంది, ముగింపు తెలీదు. కనెక్షన్ ఎప్పుడు పోయిందో కావాలంటే లాగ్_డిస్‌కనెక్షన్స్ కూడా ఆన్ చేసుకోవాలి. 2024లో వచ్చిన 17వ వెర్షన్ నుంచి స్లాట్‌ని ఎవరు పట్టుకున్నారో, ఎప్పుడు వదిలారో కూడా ఇదే సెట్టింగ్ రాస్తోంది. స్లాట్ వేరే ప్రాసెస్ చేతిలో ఉందని ఎర్రర్ వచ్చినప్పుడు ఆ లైన్లు చాలా పనికొస్తాయి.

ఆన్ చేయడానికి రీస్టార్ట్ టెన్షన్ లేదు. సూపర్‌యూజర్‌గా ఆల్టర్ సిస్టమ్ కొట్టి, కాన్ఫిగ్ రీలోడ్ చేస్తే చాలు. అప్పటికే కనెక్ట్ అయి ఉన్న స్టాండ్‌బై గురించి వెంటనే ఏ లైనూ రాదు, అది మళ్లీ కనెక్ట్ అయినప్పుడే వస్తుంది. పనిచేయట్లేదనుకుని ఆఫ్ చేసేయకండి.