సోమశిల తీరాన గాలం వేట: ఎక్కడ, ఎప్పుడు, ఎవరి వెంట

తెలుగులో వేట అనే మాట అడవికీ చెల్లుతుంది, నీటికీ చెల్లుతుంది. కృష్ణ ఒడ్డున మత్స్యకారుడు వల భుజాన వేసుకుని "వేటకు పోతున్న" అన్నాడంటే చేపల కోసం బయలుదేరాడని ఊరంతటికీ తెలుసు. హైదరాబాదు నుంచి వారాంతానికి వచ్చేవారు మాత్రం ఆ మాటను రెండర్థాల్లోనూ అడుగుతూ ఉంటారు. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ ప్రాంతంలో గాలం వేయడానికి నేను గత నాలుగేళ్ళలో ఆరుసార్లు వెళ్ళి వచ్చాను. వెళ్ళిన ప్రతిసారీ "అక్కడ అడవి కూడా ఉంది కదా, ఏమైనా కొట్టవచ్చా?" అని అడిగిన మిత్రులున్నారు. కాబట్టి ముందుగా ఆ ప్రశ్నకు సమాధానం చెప్పి, ఆ తరువాత నీటి సంగతికి వస్తాను.

అడవి వేట అక్కడ లేదు, ఉండకూడదు కూడా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సరదా కోసం అడవి జంతువును చంపడం దేశమంతటా నేరమే. పైగా కొల్లాపూర్‌కు ఆనుకుని ఉన్న నల్లమల, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో భాగం. పంటలు పాడుచేసే అడవిపందుల విషయంలో ప్రభుత్వం ఇచ్చే ప్రత్యేక అనుమతులు రైతుల కష్టానికి సంబంధించినవే తప్ప, సెలవు గడపడానికి వచ్చిన వారికి వాటితో ఏ సంబంధమూ లేదు. ఆ ఊళ్ళలో ఎవరైనా రాత్రిపూట కుందేలు, దుప్పి అంటూ చెవిలో మాట వేస్తే అక్కడినుంచి లేచి రావడమే మంచిది. డబ్బు పోగొట్టుకోవడం, జైలుకు వెళ్ళడం ఒక ఎత్తయితే, నీళ్ళ కోసం చీకట్లో ఒడ్డుకు దిగిన మూగజీవిని దీపం వేసి నిలబెట్టి చంపడం ఇంకో ఎత్తు. దానికి వేట అనే పేరు పెట్టడానికి నా మనసు ఒప్పదు.

ఇక నీరు. సోమశిల కొల్లాపూర్‌కు పది కిలోమీటర్ల లోపే ఉంటుంది. హైదరాబాదు నుంచి జడ్చర్ల, నాగర్‌కర్నూల్ మీదుగా వెళ్తే సుమారు 190 కిలోమీటర్లు. ఊరి ముందు కనిపించేది పేరుకు కృష్ణా నదే అయినా నిజానికి అది శ్రీశైలం జలాశయపు వెనుక నీరు. పాత సోమశిల ఆ నీటి కిందికి పోయింది. లలితా సోమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి ఎగువన తిరిగి నిలబెట్టారు. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు మంచి వరద వచ్చిన ఏడు నీరు ఆ మట్టానికి చేరి, ఆవలి ఒడ్డు కంటికి ఆనకుండా సముద్రంలా పరచుకుంటుంది. ఫిబ్రవరి దాటేసరికి నీరు వెనక్కి తగ్గుతూ పోయి, ఆవలి వైపు సంగమేశ్వరాలయ శిఖరం మొదట, ఆ తరువాత గర్భగుడి, ప్రాకారం ఒక్కొక్కటిగా బయటపడతాయి. గాలం పట్టుకునేవాడికి పంచాంగం కంటే ఈ మట్టమే ముఖ్యం.

నేను మొదటిసారి సెప్టెంబరులో వెళ్ళి చాలా నిరాశపడ్డాను. అంత నీటిలో చేప ఎక్కడ ఉందో చెప్పడం ఎవరి వల్లా కాదు. కొత్తగా మునిగిన పొలాల్లో, తుమ్మకంపల్లో మేత దొరుకుతుండగా ఎర కోసం ఒడ్డుకు రావలసిన అవసరం దానికి లేదు. పైగా వానాకాలం చేప గుడ్డు పెట్టే కాలం. ఆ రోజుల్లో దాని జోలికి పోకపోవడమే న్యాయం. డిసెంబరు చివరి నుంచి మార్చి మధ్య వరకు నీరు మెల్లగా తగ్గే రోజుల్లో చేపలు పాత నది పాయలోకీ, రాతి గుండాల దగ్గరికీ చేరుకుంటాయి. పొద్దు పొడిచిన రెండు గంటలూ, పొద్దు వాలే ముందు గంటన్నరా కూర్చుంటే ఖాళీ చేతులతో లేవవలసిన పని ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో చేప ఇంకా దగ్గరికి వస్తుంది గానీ ఆ ఎండకు తాళలేము. దానికి తోడు ఒండ్రు ఒకటి.

ఈ ఒండ్రు సంగతి వివరంగా చెప్పాలి. కృష్ణ, తుంగభద్ర ఏటా తెచ్చి పోసే మట్టి ఈ జలాశయంలో ఎంత పేరుకుందంటే, కట్టిన నాడు 308 టీఎంసీలుగా లెక్కగట్టిన నిల్వ ఇప్పుడు 215 టీఎంసీలకు పడిపోయింది. కాగితం మీద అంకెగా కనిపించే ఆ పూడిక ఒడ్డున మన కాలికి తగులుతుంది. నీరు తీసిన చోట పైన ఎండి పెళుసుగా నెర్రెలు విచ్చిన పొర ఉంటుంది, దాని కింద మోకాలి లోతు జిగట బురద. మూడోసారి వెళ్ళినప్పుడు నేను చూసుకోకుండా నాలుగడుగులు ముందుకు వేసి తొడల దాకా దిగబడ్డాను. పక్కన గేదెలు మేపుతున్న పెద్దాయన కర్ర అందించి, "నిలవడకు కొడుకా, పడుకో, పడుకొని జరుగు" అని అరిచాడు. ఆయన చెప్పినట్టు బోర్లా పడుకుని పాకుతూ బయటికి వచ్చాను. అందుకే ఒడ్డు నుంచి గాలం వేయదలచినవారు మెట్ల మీదో, రాతి నేల ఉన్న చోటో కూర్చోవాలి గాని బురద అంచుకు వెళ్ళకూడదు.

ఒడ్డున కూర్చునే చోట్లలో సోమశిల స్నానఘట్టం అందరికీ అనుకూలమైనది. మెట్లు గట్టిగా ఉంటాయి, నీడ దగ్గరలో ఉంటుంది, పిల్లలతో వచ్చినవారికి భయం ఉండదు. కానీ సెలవు రోజుల్లో స్నానాలు చేసేవారు, పడవలు ఎక్కి దిగేవారు, ఫొటోలు తీసుకునేవారు కలిసి నీటిని నిలవనివ్వరు. మామూలు రోజున, అదీ తెల్లవారుజామున అయితేనే అక్కడ గాలం దారానికి కట్టి నీటి మీద తేల్చే బెండు మీద చూపు నిలుస్తుంది. అక్కడ ఎక్కువగా పడేది జిలేబీ చేప. ఇది మన నదుల చేప కాదు, ఆఫ్రికా జాతి, 1952లో మన దేశానికి తెచ్చినది. ఎక్కడ వదిలితే అక్కడ అల్లుకుపోయింది. ఎరను ఒక్కసారిగా మింగకుండా అంచులు కొరుకుతూ తినే అలవాటు దానిది. బెండు నిలకడగా మునగదు, చలికి వణికినట్టు చిన్నగా అదురుతుంది. గాలం కొత్తగా పట్టినవారికి అది మంచి పాఠశాల.

కొల్లాపూర్ మండలంలోనే ఉన్న అమరగిరి ఒడ్డు దీనికి పూర్తిగా భిన్నమైనది. అక్కడినుంచి దిగువకు నది నల్లమల కొండల నడుమ ఇరుకుగా సాగుతుంది. నీరు లోతుగా, నల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది. నాకు ఈ ప్రాంతమంతటిలో అత్యంత ఇష్టమైన చోటు ఇదే. అయితే ఎవరికి పడితే వారికి దీన్ని సిఫారసు చేయను. ఫోను సరిగా పలకదు, తినడానికి ఏమీ దొరకదు, అడవి అంచు కనుక ఎక్కడ దిగవచ్చో ఎక్కడ దిగకూడదో అటవీ సిబ్బందిని అడిగి తెలుసుకున్నాకే కదలాలి. రాతిబండ మీద కూర్చుని ఎర్రలు (వానపాములు) గుచ్చి వేస్తే జెల్లలు పడతాయి. రెక్కల దగ్గర ముల్లు ఉన్న చేప కాబట్టి గాలం విప్పేటప్పుడు తల వెనుక నుంచి, రెక్కల కిందుగా పట్టుకోవాలి. ముల్లు గుచ్చుకుంటే సాయంత్రం దాకా చెయ్యి సలుపుతుంది. వేరుశనగ చెక్క, తవుడు కలిపిన ముద్ద వేస్తే బొచ్చె, రోహు వస్తాయి. కొర్రమీను కోసం ప్రయత్నించేవారు లోతుకు పోకుండా, నాచు పట్టిన పక్క పాయలు చూసుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం, పడవ. ఇక్కడ అనుభవం బాగుంటుందా లేదా అన్నది తొంభై పాళ్ళు ఎవరి పడవ ఎక్కామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. రెండో ప్రయాణంలో నేను ఫోనులో ముందుగా మాట్లాడుకుని ఒక ప్రైవేటు వ్యక్తి నడిపే "ఫిషింగ్ ట్రిప్" తీసుకున్నాను. ఆయన పేరు చెప్పను. నలుగురికి కలిపి 6,000 రూపాయలు కట్టాము. గాలాలు, ఎర, భోజనం, లైఫ్ జాకెట్లు అన్నీ ఆయనవే అన్నారు. తీరా ఎక్కాక జాకెట్లు రెండే ఉన్నాయి, వాటిలో ఒకదానికి పట్టీ తెగి ఉంది. ఇంజను మోత ఆపకుండా ఒకే చోట గుండ్రంగా తిప్పుతూ ఉంటే చేప ఎలా నిలుస్తుంది? అడిగితే, పాట పెట్టమంటారా అన్నారు. మధ్యాహ్నానికి ఒక వలకట్టు దగ్గర ఆపి, ఎవరో అప్పటికే పట్టి ఉంచిన చేపలను మా చేతికిచ్చి ఫొటో తీసుకోమన్నారు. డబ్బు పోయినందుకు కాదు నా బాధ. ఇదే నదిలో 2007 జనవరిలో పడవ మునిగి పదుల కొద్దీ ప్రాణాలు పోయాయి. ఆ దుర్ఘటన తెలిసిన ఊళ్ళో రెండు జాకెట్లతో నలుగురిని నీటి మధ్యకు తీసుకెళ్ళడం నేను ఇప్పటికీ క్షమించలేను. జాకెట్ల లెక్క ఒడ్డునే చూసుకోకుండా ఎక్కిన తప్పు నాది కూడా.

ఆ తరువాత నుంచి నేను మత్స్యకారుల పడవలోనే వెళ్తున్నాను. జలాశయం నిండిన తరువాత విశాఖ వైపు నుంచి వలస వచ్చి ఈ ఒడ్డున గుడిసెలు వేసుకున్న కుటుంబాలు ఉన్నాయి, స్థానిక ముదిరాజులు, గంగపుత్రులు ఉన్నారు. ఈ నీటిలో చేప పట్టే హక్కు లైసెన్సు ఉన్న వారిదే. మనం సరదాకు వేసే గాలమైనా వారి జీవనాధారంలోంచి తీసుకునేదే. కాబట్టి ముందు రోజు సాయంత్రమే వెళ్ళి, ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న వారితో మాట్లాడి, అనుమతి అడిగి, రోజు కూలి ఎంతో తేల్చుకోవాలి. జాకెట్లు మనమే వెంట తీసుకెళ్ళాలి. ఒక మత్స్యకారుడికి రోజు మొత్తానికి 1,500 రూపాయలు, పట్టిన చేపలో సగం అని నేను మాట్లాడుకున్నాను. ఆయన తెల్లవారకముందే పుట్టిలో, అంటే గుండ్రటి బుట్ట పడవలో, నన్ను ఎక్కించుకుని, తన వలలు తీసుకోవలసిన దారిలోనే నన్నూ తిప్పాడు. తన పనికి నేను అడ్డం కాలేదు, నాకు ఆయన పని చూసే భాగ్యం దక్కింది.

ఆ ఒక్క ఉదయం నేర్చుకున్నది అంతకు ముందు ఇరవై ఏళ్ళలో నేర్చుకోలేదు. నా గాలానికి ఉన్న రంగు రంగుల ప్లాస్టిక్ బెండు చూసి ఆయన ఏమీ అనలేదు. తన సంచిలోంచి చిటికెన వేలంత జీలుగు బెండు తీసి కట్టి ఇచ్చాడు. అంత తేలికైన బెండు అయితేనే చేప ఎరను నోట పెట్టుకున్న క్షణం తెలుస్తుందట. రోహు ఎర ఎత్తినప్పుడు బెండు కిందికి పోదు, నిలువుగా ఉన్నది కాస్తా పక్కకు పడుకుంటుంది. నేను అది మునిగే దాకా ఆగి రెండుసార్లు పోగొట్టుకున్నాను. "ములిగాక లాగితే ఏటి లాభం బాబూ, పడుకున్నప్పుడే ఒక్క గుంజు గుంజాలి" అన్నాడు. మూడోసారి గుంజాను. కిలోన్నర రోహు, వీపు మీద బూడిద రంగు, పొలుసు పొలుసుకూ అంచున లేత ఎరుపు. పుట్టి అడుగున తడి గోనెసంచి మీద పడి కొట్టుకుంటుంటే పుట్టి మొత్తం దానితోపాటు కదిలింది.

ఆయన వలలు తీస్తూ చూపించిన మరో విషయం ఇక్కడ రాయక తప్పదు. దోమతెరంత సన్నటి కన్నులతో కిలోమీటర్ల పొడవున లాగే అలివి వలలు ఈ నీటిలో నిషేధం. అయినా రాత్రిళ్ళు అవి తిరుగుతూనే ఉన్నాయి. అధికారులు పట్టుకుని తగలబెట్టినప్పుడల్లా వార్త వస్తుంది, కొన్ని రోజులకు మళ్ళీ మొదలవుతాయి. ఒడ్డున ఒక చోట ఎండబోసిన రాశి చూశాను. వేలెడు పొడవు కూడా లేని బొచ్చె పిల్లలు, రోహు పిల్లలు, రొయ్యలు అన్నీ కలిసి వెండి పొట్టులా మెరుస్తున్నాయి. ఏడాది ఆగితే ఒక్కొక్కటి కిలో తూగే చేపలవి. ఆ రాశి పక్కన నిలబడి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నాలుగేళ్ళ కిందటికీ ఇప్పటికీ నా గాలానికి పడే చేప సగటున చిన్నదైపోయిందంటే దానికి కారణం వేరే వెతకనక్కరలేదని నా అభిప్రాయం. ఇక్కడికి గాలం వేయడానికి వచ్చేవారు జానెడు కంటే చిన్న చేప పడితే తడి చేత్తో విప్పి వదిలేయాలని నా మనవి.

బసకు, భోజనానికి ఎక్కువ చెప్పనక్కరలేదు. సోమశిలలో పర్యాటక శాఖ కాటేజీలు నది కనిపించేలా ఉన్నాయి, సెలవు రోజులకు ముందుగానే తీసుకోవాలి. దొరకకపోతే కొల్లాపూర్‌లో లాడ్జీలు ఉన్నాయి. ఒడ్డున చేపలు వేయించి ఇచ్చే బడ్డీలు మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోదగ్గవి. కారం, ఉప్పు, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించి పెనం మీద కాల్చిన ముక్కను విస్తరాకులో వేసి ఇస్తారు. నూనె నల్లబడి ఉంటే మాత్రం పక్క బడ్డీకి వెళ్ళండి. మనం పట్టిన చేప ఇస్తే కొద్ది డబ్బు తీసుకుని బాగుచేసి వండిపెట్టేవారు కూడా ఉన్నారు. కొర్రమీనుకు ఉన్న జిగురు పోవడానికి ఒక అమ్మ పొయ్యిలోని బూడిద చల్లి, గరుకు బండ మీద ఆ చేపను తోక నుంచి తలకు ఎదురు రుద్దిన తీరు చూస్తూ నేను ఆకలి మరిచిపోయాను.

నాకు ఈ చోటు మీద ఉన్న ఫిర్యాదులు రెండే. పడవలు నడిపే ప్రైవేటువారి మీద తనిఖీ కనిపించదు, జాకెట్ల లెక్క చూసేవారు లేరు. రెండవది, గాలం వేయడానికి వచ్చేవారికి ఎక్కడ అనుమతి ఉందో, ఏ నెలల్లో ఆపాలో చెప్పే బోర్డు ఒక్కటైనా ఘట్టం దగ్గర నాకు కనబడలేదు. కృష్ణ మీద సోమశిల, సిద్ధేశ్వరాల మధ్య వంతెన మంజూరైంది. అది పూర్తయితే వచ్చేవారి సంఖ్య పెరుగుతుంది, కాబట్టి ఈ రెండు లోపాలనూ అంతకు ముందే సరిచేయాలి.

ఇంతకీ ఎవరు వెళ్ళాలి? కుటుంబంతో ఒక పూట గడపాలనుకునేవారు జనవరిలో మామూలు రోజున ఘట్టం దగ్గర రెండు వెదురు గాలాలతో కూర్చుంటే చాలు. పెద్ద చేప కోసమే వచ్చేవారు ఫిబ్రవరిలో మత్స్యకారుడి పుట్టి ఎక్కాలి. నేను మళ్ళీ ఫిబ్రవరి రెండో వారంలో వెళ్తున్నాను. ఆయన అడిగిన నైలాన్ తాడు కట్ట ఒకటి, పెద్దవాళ్ళవి మూడు, ఆయన చిన్నకొడుకు కొలతకు సరిపోయేది ఒకటి, మొత్తం నాలుగు జాకెట్లు ఇప్పటికే కొని పెట్టాను.