రాజమండ్రిలో కిన్నెర చేయించుకున్నాను: వీణల షాపు రివ్యూ

కిన్నెర అంటే వెదురు మీద తీగ, దాని కింద స్వరానికొక మెట్టు, అడుగున ఆనప బుర్రలు ఉండే వాయిద్యం. ఆ మెట్లు మైనంతో నిలబెట్టిన అసలు కిన్నెర కావాలంటే ఈ షాపుకి వెళ్ళండి, కాస్త ఓపిక మాత్రం ఉండాలి. గోదావరి గట్టుకి దగ్గర్లో సందులో ఉంటుంది, వీణలూ తంబురలూ రిపేరు చేస్తారు, అడిగితే కిన్నెర కూడా చేసిస్తారు.

కిన్నెర వాయించే మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చిందగ్గర్నించి పన్నెండు మెట్ల కిన్నెర పేరు అందరికీ తెలిసింది గానీ ఇది చాలా పాత వాయిద్యమండి, 13వ శతాబ్దంలో దేవగిరిలో ఉన్న శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో ఆరో అధ్యాయం మొత్తం వాయిద్యాలకే ఇచ్చేడు, అందులో కిన్నరి వీణ లఘ్వి (చిన్నది) అనీ బృహతి (పెద్దది) అనీ చెప్పేడు, అదే శతాబ్దంలో మన పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కిన్నెర వాయించే శివభక్తుడు కిన్నర బ్రహ్మయ్య కథ ఉంది. మా భజన బృందం శివరాత్రికి ద్రాక్షారామంలో ఆ కథే పాడుతుంది. ఆయన కథ పాడుతూ పక్కన హార్మోనియం వాయిస్తుంటే నాకు మనసొప్పేది కాదు, అది 19వ శతాబ్దంలో యూరప్ నుంచి వచ్చిన పెట్టె కదా.

ముందు ఆన్‌లైన్‌లో కిన్నెర ఒకటి తెప్పించాను. చూట్టానికి బాగుంది, మెట్లన్నీ గమ్ముతో అంటించేసేరు, ఒక్క మెట్టు స్వరం తప్పినా ఇంక కదపలేం. ఇక్కడ పెద్దాయన తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి వేడిచేసి వెదురు మీద వేసి, అందులో ఇత్తడి మెట్టు నిలబెట్టి, తీగ మీటుకుంటూ వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతారు, స్వరం కుదిరేదాకా వదల్రు. నేను ఫోన్లో ట్యూనర్ యాప్ తీస్తే "అది లోపల పెట్టు బాబూ, నువ్వు పాడు, నీ శ్రుతికి పెడతాను" అని చాలాసేపు నాచేత పాడించేరు. వీణకుండే 24 మెట్లూ ఇలా మైనం మీద నిలబడేవే, ఆ చేతి నేర్పు కిన్నెరకి పనికొచ్చింది. పూర్వం కిన్నెర మెట్లకి అలుగు (ఒంటినిండా పొలుసులుండే అడవి జంతువు) పొలుసులు వాడేవారు, ఇప్పుడు అలుగుని వేటాడ్డం నేరం, అందుకే ఇత్తడి.

బుర్రలు మాత్రం మన లంకల్లో పాదు మీదే ముదరనిచ్చి ఎండబెట్టిన ఆనపకాయలు, మూడు. ఒక్కోటీ తట్టి విని ఏరేరు, పెద్ద బుర్ర మార్చి మళ్ళీ తీగ మీటితే గొంతే మారిపోయిందండి!

ఇంక ఇబ్బందులు. సంక్రాంతికి ఇస్తామన్నది శివరాత్రి ముందురోజు చేతికొచ్చింది, మధ్యలో ఫోన్ ఎత్తరు, ఇది మార్చుకోవాలి. రేటు 14 వేలు, చేతిపనికి ఎక్కువనుకోను. మే నెల ఎండకి మైనం మెత్తబడి పైమెట్లు రెండు వంగిపోయేయి, తీసుకెళ్తే డబ్బులు తీసుకోకుండా వేసిచ్చేరు, కాకపోతే ఎండలో కారులో వదలొద్దని అమ్మేటప్పుడే చెప్పాలి. శబ్దం చిన్నది, గుళ్ళో జనం మధ్య మైకు లేకపోతే వినపడదు, కూర్చుని నలుగురు వింటే మటుకు ఆ తీగ జుంయ్ మన్నప్పుడు పాట ఎక్కడికో వెళ్తుంది.

అమలాపురం, భీమవరం వైపు నుంచి వచ్చేవాళ్ళు ఫోన్ నమ్ముకోకుండా సాయంత్రం నేరుగా వెళ్ళండి, మీరు ఏ శ్రుతిలో పాడతారో తెలుసుకుని వెళ్ళండి. నేనైతే ఇంకా పెద్దది ఒకటి చెప్పి అడ్వాన్సు ఇచ్చేసేను, వానలు తగ్గి వెదురు బాగా ఆరేక మొదలెడతామన్నారు.