కొత్త బ్యాగా, తక్కువ బరువా, వెన్ను పరీక్షా: బడిపిల్లలకు ఏది మేలు?

జూన్ వచ్చిందంటే తిరుపతిలో బ్యాగుల అంగళ్ల దగ్గర ఒకటే మాట: "వెన్నునొప్పి రానిది ఉందా అన్నా?" అంగడాయన వెంటనే లోపల మెత్తలున్న ఖరీదైన రకం తీసి చూపిస్తాడు. కానీ పిల్లల వెన్ను కోసం చేయదగినవి మూడున్నాయి: మంచి బ్యాగు కొనడం, బ్యాగులో బరువు తగ్గించడం, స్కూల్లో ఏడాదికోసారి వెన్ను చూడడం. నన్నడిగితే వీటిలో బ్యాగుది చివరి స్థానం.

కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం, బ్యాగు బరువు పిల్లల బరువులో 10 శాతం దాటకూడదు. పదో తరగతికి కూడా గరిష్ఠం 4.5 కిలోలే. ఐదో తరగతి పాప 25 కిలోలుందనుకుందాం. తను మోయదగ్గది రెండున్నర కిలోలు. లీటరు నీళ్ల సీసా ఒక్కటే కిలో పైన తూగుతుంది. దానికి స్టీలు క్యారియరు, అందులో అన్నం, ఆపైన ఖాళీ బ్యాగు బరువు కలపండి. ఒక్క పుస్తకం పెట్టకముందే లెక్క దాదాపు నిండిపోతుంది. ఆ తర్వాత సబ్జెక్టుకో టెక్స్ట్‌బుక్, క్లాస్‌వర్కు నోటు, హోంవర్కు నోటు, ఇవి చాలవన్నట్టు స్కూలు వాళ్ల సొంత మెటీరియల్! మెత్తలు పట్టీ ఒరుసుకోకుండా కాపాడతాయే తప్ప ఇందులో ఒక్క గ్రాము కూడా తగ్గించవు.

చక్రాల బ్యాగు చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ మూడో అంతస్తులో క్లాసుంటే మెట్ల మీద దాన్ని ఎత్తుకునే పోవాలి. మెట్ల దగ్గర పిల్లలకు దెబ్బలు తగులుతాయని ఆ పాలసీయే వద్దంది. ఒంటి భుజానికి వేలాడేసుకునే స్టైలు బ్యాగు అన్నిటికన్నా అన్యాయం.

అదే క్లాసులో ఒక ఇనుప ర్యాకు పెట్టించి, స్కూల్లో నమ్మి తాగగలిగే నీళ్లు ఉంచితే మరుసటి రోజుకే బరువు తగ్గుతుంది. ర్యాకుకయ్యే ఖర్చు ఒక్కసారిదే. అడ్డమల్లా టైంటేబుల్ పాటించని పద్ధతి. "ఎందుకైనా మంచిది, అన్నీ తెచ్చుకోండి" అనే సార్లున్నంత కాలం ర్యాకు ఉండీ లాభం లేదు. పేరెంట్స్ మీటింగులో మార్కుల గురించి కాకుండా దీని గురించి ఒక్కసారైనా అడగాలి.

ఇక వెన్ను పరీక్ష. బ్యాగు మోస్తే వెన్ను పక్కకు వంకర పోతుందని చాలామంది భయం. బరువుతో నొప్పి రావచ్చు కానీ, స్కోలియోసిస్ అనే ఆ వంకరకు బ్యాగు కారణమని రుజువు కాలేదు. పదేళ్ల నుంచి ఎదిగే వయసులో ఎక్కువమందిలో ఏ కారణమూ దొరక్కుండానే వస్తుంది, తీవ్రమయ్యేది ఆడపిల్లల్లోనే ఎక్కువ. చూడడం తేలిక. పాదాలు దగ్గరగా పెట్టి, మోకాళ్లు వంచకుండా, చేతులు జోడించి ముందుకు వంగమనాలి. వెనక నుంచి చూస్తే వీపు ఒక పక్క ఎత్తుగా కనబడితే డాక్టరుకు చూపించాలి. ఆడపిల్లలను లేడీ టీచరో, ఏఎన్ఎమ్మో విడిగా గదిలో చూడాలి. ఇది అన్ని స్కూళ్లలో చేయాలా అన్నదానిపై వాదనలున్నాయి. సరిపడా ఆధారాలు లేవని అమెరికా నిపుణుల బృందం 2018లో తేల్చింది. అయినా నేను దీనికే రెండో స్థానమిస్తాను. ఎదుగుదల ఆగకముందే దొరికితే బ్రేస్, అంటే వంకర పెరగకుండా ఒంటికి బిగించే గట్టి తొడుగు, పని చేస్తుంది. 2013లో వచ్చిన పెద్ద అధ్యయనంలో బ్రేస్ వేసుకున్నవాళ్లలో 72 శాతం మందికి వంకర ఆపరేషన్ దాకా పోలేదు, వేసుకోనివాళ్లలో అది 48 శాతమే.

బ్రేస్ అంటే ఆన్‌లైన్లో అమ్మే నిటారు బెల్టు కాదు. అది ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి రాసేది. తిరుపతిలో అందుకు రుయా ఆస్పత్రి ఉంది, టీటీడీ వారి బర్డ్ ఎముకల ఆస్పత్రి ఉంది.

పీఈటీ పీరియడు లెక్కల సారుకు పోకుండా చూడడం కూడా వెన్నుకు మంచిదే, గంటలకొద్దీ బెంచీ మీద కదలకుండా కూర్చోవడం తప్పుతుంది. బ్యాగు కొనక తప్పదంటే రెండు వెడల్పు పట్టీలు ఉండి, నడుము కిందికి జారనిది చాలు. అలాంటిది చవక రకాల్లోనూ దొరుకుతుంది.